తిరపతమ్మ తోడేసిన పెరుగు

గురవమ్మని ఒకామె ఉందంట. ఏ ఊరని అడగమాకండి, మనూరే అనుకోండి. మొగుడు యోగయ్య, ఒక్కగానొక్క కూతురు తిరపతమ్మ, ఒక బర్రె. అంతే సంసారం. గురవమ్మ మంచిదేగానీ చెయ్యి మాత్రం బిగువు. ఇంకేవన్నా ఇచ్చుద్దేమోగానీ తోడు మాత్రం ఇచ్చేది కాదంట. పాలు తోడేసుకోవాల, ఇంత పెరుగు పెట్టమ్మా అని ఎవరన్నా గిన్నె పట్టుకొస్తే, 'మా తోడు గడప దాటితే మా బర్రె వట్టిపోయిద్ది, పో పో' అనేదంట. ఏందే మల్లీ నవ్వుతున్నావు, మీ అత్త అనదా ఆ మాట? నవ్వితే నవ్వుగానీ చేతులాపమాక, పొద్దుగూకేలోపు ఈ చెనక్కాయలన్నీ వలవాల. అంకమ్మా, నువ్వు వలవొద్దులే తల్లీ, ఊరికే కూర్చో.

ఆ ఇంట్లో పాలు కాచేది, తోడేసేది, పొద్దున్నే చిలికేది, అంతా తిరపతమ్మేనంట. ఆ పిల్ల తోడేస్తే ముంత వంచినా పెరుగు జారేది కాదంట. అయితే ఏంది, ఆ పిల్లకి తల్లి బుద్ధి రాలా. అమ్మ అటు తిరిగిందా, కొబ్బరిచిప్పలో ఇంత పెరుగేసి దడి మీదగా పక్కింటి సైదమ్మకి అందిచ్చేది. ఒకనాడు గురవమ్మ చూడనే చూసింది. చూసి, కవ్వం తిరగేసి పిల్ల వీపు మీద ఒక్కటేసింది. 'కొంప గుల్ల చేస్తావటే' అని. పిల్ల వీపు రుద్దుకుంటా, 'ఇంత పెరుక్కే గుల్లయ్యే కొంపా అమ్మా మనది' అని నవ్విందంట. నవ్వింది చూడు, అదీ ఆ పిల్ల.

తర్వాత ఏమైందంటే, ఆ ఏడు వానలు పడ్డాక ఊరంతా జొరాలు. అప్పుడు సూదులా, మాత్రలా? యోగయ్య మంచంపట్టి ఐదోనాడు పోయాడు. ఆయన పెద్దదినం కూడా కాలా, తిరపతమ్మకి ఒళ్లు కాలిపోవటం మొదలుపెట్టింది. ఆ సాయంత్రం తల్లి పడుకోవే, పడుకోవే అని మొత్తుకుంటన్నా వినకుండా లేచి, పాలు కాచి, తోడేసి, మూకుడు మూసి పడుకుందంట. ఇంక లేవలా. మర్నాటికే పోయింది. పది రోజుల్లో ఇద్దరు. ఆ ఇల్లు ఎట్టా ఉంటదో నేను చెప్పాల్నా మీకు? అంకమ్మకి చెప్పాల్నా?

చావింట్లో కుండలు బయట పారేస్తారు గదా. చుట్టాలొచ్చి ఒక్కోటీ తీస్కపోయి పారేశారు. ఆ పెరుగుముంత దగ్గరికి వచ్చేసరికి గురవమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని రెండు చేతులా పట్టుకుంది. ఇవ్వనంటే ఇవ్వనంది. 'ఇది నా కూతురు తోడేసింది' అందంట. కంట్లో చుక్కనీళ్లు లేవు. ఏడిస్తే బాగుండునని అందరూ అనుకున్నారు, ఏడవలా. దినాలైపోయినయ్యి, చుట్టాలు పోయారు. ముంతని ఉట్టి మీద పెట్టుకుంది. తాను తినదు, ఒకర్ని ముట్టనీదు. బర్రె పాలన్నీ దూడకే వదిలేసింది. పొద్దున లేచి ముంత దించిద్ది, మూకుడు తీసి చూసిద్ది, మళ్లా పైన పెట్టుద్ది. ముంత అంచున తిరపతమ్మ వేలు తుడుచుకున్న మరక ఉందంట. ఆ మరక మీద తన వేలు పెట్టుకునేదంట. చూడండి, ఎంతటి ఆశో.

పెరుగు ఊరుకుంటదా? మూడోనాటికి పులిసింది. వారానికి వాసన. తర్వాత పైన బూజు. సైదమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని వచ్చి, 'వదినా, పారెయ్యి వదినా, నా మాటిను' అంటే, 'నా కూతుర్ని పారెయ్యమంటావటే' అని గురవమ్మ చేటెత్తి కొట్టబోయిందంట. సైదమ్మ పరుగో పరుగు.

నెల తిరిగేసరికి గురవమ్మకి ఒక ఆలోచన పుట్టింది. ఈ పెరుగుతో మళ్లా పాలు తోడేస్తే నా తిరపతమ్మ పెరుగు కొత్తగా వచ్చిద్ది గదా అని. ఆ బుద్ధి మొదట్నే రావాల, రాలా. దుఃఖంలో ఉన్న మనిషికి ఏం తోచిద్ది? బర్రెని పిండింది, పాలు కాచింది, ఆరబెట్టింది, బూజు పక్కకి తీసి అడుగునున్న పెరుగు వేసింది. దేవుడికి దణ్ణం పెట్టుకుని పడుకుంది. పొద్దున్నే తలుపు కూడా తియ్యకుండా మూకుడు తీసి చూస్తే ఏముంది? పైన నీళ్లు, అడుగున ముక్కలు. పాలు విరిగిపోయినయ్యి. పెరుగు ఎప్పుడో చచ్చిపోయింది.

అప్పుడు గురవమ్మ అన్న మాట చెప్తా వినండి. 'మొగుణ్ణి దేవుడు తీసకపోయాడు, కూతుర్ని దేవుడు తీసకపోయాడు, ఈ పెరుగు మాత్రం నేనే చంపుకున్నా. రోజూ ఇంత పాలల్లో వేసుకుంటే బతికుండేది. దాచుకుని చంపుకున్నా' అందంట. అని, ఆ ముంత ముందర కూలబడింది. పొయ్యి వెలిగించలా. ఒకరోజు, రెండు రోజులు, పచ్చి మంచినీళ్లు ముట్టలా. ఇంక ఈ మనిషి దక్కదనుకున్నారు ఊళ్లో.

మూడోరోజు సైదమ్మ ప్రాణం ఉగ్గబట్టుకుని లోపలికొచ్చింది. గిన్నెలో అన్నం, అన్నంలో మజ్జిగ. 'రెండు ముద్దలు తిను వదినా.' గురవమ్మ మొహం తిప్పుకుంది. 'తీసకపో. నాకెవరి మజ్జిగా వద్దు.' సైదమ్మ గిన్నె కింద పెట్టి దూరంగా జరిగి, 'కొట్టనంటే ఒక మాట చెప్తా' అంది. 'ఏంది?' 'ఆ మజ్జిగ తిరపతమ్మదే.' గురవమ్మ చివ్వున తలెత్తింది. 'ఏందే నువ్వనేది?' 'శ్రావణంలో మా పెరుగు చెడిపోతే నీ కూతురే దడి మీదగా కొబ్బరిచిప్పలో అందిచ్చింది. అప్పట్నించీ రోజుకి రోజు ఆ తోడే. ఒక్కనాడు తప్పలా. అమ్మకి తెలిస్తే మళ్లా కొట్టుద్ది, చెప్పమాక అత్తా అని ఒట్టేయించుకుంది నాచేత.' ముందే చెప్పొచ్చుగా అంటావా మల్లీ? ఒట్టేసింది గదే. ఆపైన చేట కూడా చూసింది.

గురవమ్మ గిన్నె దగ్గరికి తీసుకుంది. ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. మింగింది. 'ఇంకెవరికిచ్చిందే నా తల్లి?' అని అడిగింది. 'నేను సాలోళ్ల నాసరమ్మకిచ్చా. నాసరమ్మ బజారోళ్లకీ, వాగవతలోళ్లకీ ఇచ్చింది. ఆళ్లు ఎవరికిచ్చారో నాకు తెలవదు' అంది సైదమ్మ. అప్పుడు లేచిందంట గురవమ్మ. లేచి బజారెంట పోయింది. ఒకప్పుడు గిన్నెతో వస్తే తాను పొమ్మన్నోళ్ల ఇళ్లే అన్నీ. అయినా ఒక్కో ఆడమనిషీ ముంత బయటికి తెచ్చి, మూకుడు తీసి చూపించింది. తెల్లగా, గడ్డగా పెరుగు. 'నీ పిల్లదేనమ్మా, చూస్కో.' ఏడో ఇంటి దగ్గర గురవమ్మ నడిబజార్లో కూర్చుని ఏడ్చింది. 'ఇచ్చినందుకు కొట్టానే తల్లీ, నీ వీపు మీద కొట్టానే' అని మొగుడికీ కూతురికీ కలిపి ఏడ్చింది. చుట్టూ ఆడోళ్లు కూర్చుని వాళ్లూ ఏడ్చారు. ఎవరూ ఊరుకో అనలా. ఎందుకంటారు? సాయంత్రం సైదమ్మ కొబ్బరిచిప్పలో తోడు తెచ్చిచ్చింది. గురవమ్మ పాలు కాచుకుని తోడేసుకుంది. పొద్దున్నే అన్నంలో కలుపుకుని తినింది. ఆ తర్వాత ఆమె బతికినన్నాళ్లూ ఆ ఇంటి నించి ఖాళీ గిన్నెతో ఎవరూ వెళ్లలేదంట. బర్రె కూడా ఏం వట్టిపోలా.

అయిపోయింది కత. పొద్దెక్కింది, సద్దులు విప్పండి. ఇదిగో అంకమ్మా, ఇట్టా రా. మీ అమ్మ పోయి నెలైంది. అప్పట్నించీ సద్ది తెచ్చుకుంటావు, విప్పకుండా ఇంటికి తీసకపోతావు. నేను చూట్టంలేదనుకున్నావా? పట్టు ఈ చెంబు. మజ్జిగే, మా ఇంటిదే. తోడు ఎవరిదనుకున్నావు? పోయిన మాఘంలో మా ఉట్టి తెగి పెరుగంతా నేలపాలైతే, మీ అమ్మే గ్లాసులో తెచ్చిచ్చింది. ఏడిస్తే ఏడువు, ఎవరొద్దన్నారు, తాగి ఏడువు. మల్లీ, నువ్వేంటే కళ్లు తుడుచుకుంటన్నావు, ముందు ఆ పిల్లకి ఉల్లిపాయ కోసియ్యి. సాయంత్రం పోయేటప్పుడు గిన్నె పట్టుకుని మా ఇంటికి రా, అంకమ్మా.