ఎనిమిది వేల నీలం

నర్సీపట్నంలో చింతపల్లి రోడ్డు మీద తాతాజీది కారు లైట్ల కొట్టు. మిట్టమధ్యాహ్నం క్యారేజీ మూత తీసి ముద్ద కలిపే వేళకి ఎవరో పెద్దావిడ వచ్చి స్టూలు మీద కూర్చుంది. పావుగంటైనా లేవలేదు. అన్నం చల్లారింది గానీ ఆవిడ మాత్రం చల్లారేలా లేదు.

“మళ్ళీ మొదటికే వచ్చేరేటండి? బల్బులు పారేసేనని సెప్పేను కదా!”

“ఎక్కడ పారేసేవు?”

“ఎక్కడో. చెత్తలో.”

“నువ్వా? పారేసేవా? ఆ డబ్బాలు సూడు. కాలిపోయిన ఫ్యూజులే డబ్బాడు దాసుకున్నావు. అలాటోడివి మంచి బల్బులు పారేసేవంటే నానెలా నమ్మేది, తాతాజీ?”

“నా పేరు కూడా తెలుసా మీకు? ఇంతకీ మీరెవరండి, పిన్నిగారూ?”

“అడిగినదానికి సెప్పు ముందు.”

“అన్నం తిననివ్వండి. తినేక మాట్లాడదాం.”

“తిను, వద్దన్నానా? నాను అడుగుతుంటాను, నువ్వు నముల్తా సెప్పు. కొండబాబు కారుకి ఎనిమిది వేల లైట్లు ఎట్టింది నువ్వే కాదేటి?”

“ఎనిమిది వేల రూపాయల లైట్లు నా కొట్టులో—”

“రూపాయలు కాదు. కెల్వినులు.”

“…అబ్బో. కెల్వినుల సంగతి మీకెవరు సెప్పేరండి?”

“పాయకరావుపేట ఎల్లేను. హైవే మీద నాలుగు కొట్లు తిరిగేను. మూడో కొట్టాయన మంచోడు, టీ ఇప్పించి మరీ సెప్పేడు. కొలిమిలో ఇనుము ఎడితే ముందు ఎర్రగా అవుద్ది. తరవాత పసుపు, ఆ తరవాత తెలుపు. ఇంకా ఇంకా కాక పెరిగితే నీలంలోకి తిరుగుద్దంట. ఆ రంగుకి ఏసిన నెంబరే కెల్విను. నెంబరు పెరిగితే రంగు మారతాది గాని ఎలుగు పెరగదు. అవునా, కాదా?”

“అవునండి.”

“నలభైమూడొందలది పసుపు కలిసిన తెలుపు. రోడ్డు మీద దానిదే ఎక్కువ ఎలుగు. ఎనిమిది వేలది నీలం. సూడ్డానికి జోరు, రోడ్డు మీద గుడ్డి. అవునా?”

“పిన్నిగారూ, మీరీ సీట్లో కూర్చోండి. నేను ఇంటికెల్లి పడుకుంటాను. బేరాలు మీరే చేసుకోండి.”

“ఎటకారం తరవాత. అవునా, కాదా?”

“అవును! కానీ ఎవడు నమ్ముతాడండి? నెంబరు పెద్దదైతే లైటు పెద్దదని మనోళ్ళ లెక్క. బియ్యం బస్తా అనుకుంటారు. నలభైమూడొందలదే మంచిదండి బాబూ అంటే, సవక సరుకు అంటగడతన్నావని నన్నే తిడతారు. కొండబాబూ అదే మాట. ‘ఎనిమిది వేలుండగా సగానికి సగం నాకెందుకురా? నేనంత సవగ్గా కనబడతన్నానా?’ అన్నాడు.”

“అంటే ఎట్టింది నువ్వే.”

“…నేనలా అన్లేదు.”

“ఇప్పుడే అన్నావు.”

“సరే, ఎట్టేను! ఎడితే ఏటి? అడిగినోడికి అడిగింది ఎడతాను. టీ కొట్టోడు పంచదార ఎక్కువేసేడని, సుగరొచ్చినోడు ఎల్లి ఆడి మీద కేసెడతాడేటి?”

“సుగరొస్తే తాగినోడికే వస్తాది. ఇక్కడ పడ్డోడు ఎదరొచ్చినోడు. మత్స్యలింగం. ఆ పేరు ఇన్నావా?”

“ఇన్నాను. కొండ మీదోడు. మంగళారం బండి మీద వస్తా గొలుగొండ రోడ్డులో పడిపోనాడు. తాగున్నాడంట.”

“తాగున్నాడని ఎవరు సెప్పేరు?”

“అందరూ అంటన్నారు.”

“అందరికీ ఎవరు సెప్పేరు?”

“…కొండబాబు.”

“స్టేషన్లోనూ ఆడే సెప్పేడు. ‘కొండోడు, తాగేసి తూలుకుంటా వచ్చేడు, ఆడంతట ఆడే పడ్డాడు’ అని. కాలిరిగినోడు ఆసుపత్రిలో, కేసు కూడా ఆడి మీదే. ఆయన బడిపిల్లల వేను తోల్తాడు, తెలుసా నీకు? తాగి బండి నడిపేడని తేలితే మళ్ళీ స్టీరింగు ముట్టుకోనిత్తారా?”

“రక్తం పరీక్ష సేస్తే నిజం తెలిసిపోద్ది కదండి.”

“రాత్రి ఏడింటికి పడినోడు తెల్లారి ఆరింటికి దొరికేడు. అప్పుడు సేస్తే ఏటి తెలుస్తాది, నీ మొహం!”

“తెల్లారిందాకా ఎవరూ సూళ్ళేదా?”

“సెరుకు తోటలో గట్టుకి అవతల పడ్డాడు. కేకేసినా రోడ్డు మీదకి ఇనబడదు. పొద్దున్నే తోటకెల్లి సూసింది నానే.”

“అదా సంగతి! ఆ తోట మీదా?”

“మాదే.”

“అలా సెప్పండి మరి. ఏ గిరిజన సంఘమోళ్ళో పంపించేరేమో అనుకున్నాను. మీ తోటలో పడ్డాడు కాబట్టి మీకీ పీకులాట.”

“నోట్లో కాసిన్ని నీళ్ళు పోసేను. మింగేడు. మింగి, ఆడన్న మొదటి మాట ఏటో తెలుసా? ‘అమ్మా, మీ సెరుకు ఇరిగిపోనాది’ అన్నాడు. ఎముక బైటికొచ్చి ఉన్నాది తాతాజీ. ఎముక బైటికొచ్చినోడు నా సెరుక్కి సెప్పుకుంటన్నాడు. తాగుబోతంట! పదకొండేళ్ళు తాగుబోతుతో కాపరం సేసినదాన్ని, నాకు తెలీదా వాసన? ఆడి నోట్లో సుక్క వాసన నేదు. ‘నీలం ఎలుగు కళ్ళలో పొడిసిందమ్మా, రోడ్డు మాయమైపోనాది’ అన్నాడు. ఆ దారిలో నీలం లైట్ల కారు కొండబాబుదొక్కటే. కానీ స్టేషనోళ్ళు ఎల్లి సూసేసరికి ఆ కారుకి మామూలు పసుపు లైట్లు. మంగళారం దాకా నీలం, బుధవారం పసుపు. ఆ ఎలుగు రోజూ మా గోడ మీద పడతాది, నాకు తెలీదేటి?”

“మీ ఇల్లు కూడా ఆ దారేనా?”

“ఆ దారే. ఆ కారు నీ కొట్టుకి తప్ప ఇంకెక్కడికీ పోదు. అందుకే వచ్చేను. ఇంకోటి అడుగుతాను. ఎనిమిది వేలది గుడ్డిలైటు కదా, మరి ఎదరోడి కళ్ళలో అంతలాగ ఎలా పడ్డాది?”

“నీలం రంగు కంటికి గుచ్చుకుంటాదండి. పైగా ఆ కారు పాతది. మామూలు బల్బుకి చేసిన అద్దం అది. దాంట్లో ఈ నీలం జెనాన్ బల్బు ఎడితే వెలుగు అడ్డదిడ్డంగా చెదిరిపోద్ది.”

“అంతేనా?”

“అంతే.”

“పేట కొట్టాయన ఇంకోటి కూడా సెప్పేడు. లైటు ఎనకాల స్క్రూ ఒకటి ఉంటాదంట. తిప్పితే ఎలుగు పైకి లేస్తాదంట. ఆ స్క్రూ ఎవరు తిప్పేరు?”

“ఆగండి, ఫోను. …ఆ, అన్నా! సెప్పన్నా. …లేదన్నా. …లేదు, ఎవరూ రాలేదన్నా. …నేనెందుకు సెప్తానన్నా, నాకేటి పని? …సరే అన్నా. సరే.”

“ఎవరు?”

“కస్టమరు.”

“కొండబాబు. ఫోను బల్ల మీదే ఉన్నాది. నాకు సదవడం వచ్చు. ‘ఎవరూ రాలేదు’ అన్నావు. ఇంత మనిషిని ఎదురుగా కూర్చుంటే.”

“మరేటనమంటారండి? ‘వచ్చేరన్నా, ఒక పెద్దావిడ వచ్చి నా పీక మీద కూర్చున్నాది’ అనమంటారా? నా కొట్టుకొచ్చే బళ్ళలో సగం ఆయన స్నేహితులవే. మంచు సూడ్డానికని లంబసింగి ఎల్లే బళ్ళన్నీ ఆయన సేతిలో ఉన్నాయి. ఒక్క మాటంటే సాలు, నా కొట్టు ముందు కుక్క కూడా ఆగదు.”

“స్క్రూ ఎవరు తిప్పేరు?”

“ఎల్లండి పిన్నిగారూ. దండం ఎడతాను.”

“ఎల్లను. స్క్రూ ఎవరు తిప్పేరు?”

“నేనే తిప్పేను! సాలా? నేనే! లైట్లెట్టి వారం తిరక్కుండా వచ్చి కాలరట్టుకున్నాడు. ఎనిమిది వేలెడితే రోడ్డు కనబడట్లేదేటిరా అని. మొదటే సెప్పేను కదన్నా అంటే ఇంటాడా? ఆడి మాటే గెలవాలి. తీసేసి చిన్న నెంబరు ఎట్టుకుంటే నామోషీ. ‘లైటెత్తరా’ అన్నాడు. ఎత్తకూడదన్నా, ఎదరోళ్ళ కళ్ళలో పడతాదన్నాను. ‘ఎదరోళ్ళు కళ్ళు మూసుకుంటార్లే’ అన్నాడు. ఎత్తేను. రెండు చుట్లు. …రెండే చుట్లు, పిన్నిగారూ.”

“ఏడుస్తన్నావా?”

“లేదు. కూరలో కారం.”

“పెరుగన్నం అది. సరే. బల్బులెప్పుడు తీసేవు?”

“బుధవారం. తెల్లారకుండానే ఇంటికొచ్చి తలుపు కొట్టేడు. ‘బేగి లే, పాత బల్బులు ఎట్టెయ్, స్క్రూ దించెయ్’ అన్నాడు. ఎందుకని అడగలేదు. టిఫిను కూడా తినకుండా ఎల్లిపోనాడు. పడినాయన సంగతి నాకు మధ్యాహ్నానికి గాని తెలీలేదు.”

“తెల్లారకుండానే అంటే? ఎన్నింటికి?”

“ఐదున్నర.”

“ఆరున్నరేమో. బాగా గుర్తు తెచ్చుకో.”

“ఐదున్నరేనండి. పాలోడు కూడా రాలేదు. ఫోన్లో టైము సూసి మరీ తిట్టుకుంటా లేచేను.”

“ఐదున్నర.”

“పిన్నిగారూ?”

“ఆరింటికి కదా నాను తోటకెల్లింది.”

“అవును, మీరే సెప్పేరు.”

“ఆడు పడిపోనాడని ఆరింటిదాకా లోకంలో ఎవరికీ తెలీదు. ఐదున్నరకి ఈడొచ్చి బల్బులు మార్పించేడు. అంటే తెలుసు. పడ్డాడని తెలుసు. అక్కడే పడున్నాడని తెలుసు. బల్బుల కోసం లేచేడు గాని ఆ మనిషి కోసం లెగలేదు.”

“…నేనలా ఆలోచించలేదండి.”

“నానూ ఆలోచించలేదు. సూసుకోకుండా ఎల్లిపోనాడేమో అనుకున్నాను. కుర్రతనం, భయపడి తరవాత అబద్దమాడేడేమో అనుకున్నాను. ఇక్కడికొచ్చిందాకా అలాగే అనుకున్నాను. …కాసిన్ని నీళ్ళియ్యి.”

“తాగండి. నెమ్మదిగా. కళ్ళు తిరుగుతున్నాయేటి? ఫేను ఎయ్యనా?”

“ఒద్దు. బల్బులు తియ్యి.”

“పారేసే—”

“తాతాజీ.”

“…ఫ్యూజుల డబ్బా కింద ఉన్నాయి. ఇవిగో. గాజు ముట్టుకోకండి, గుడ్డతో పట్టుకోండి.”

“ఇంతేనా? ఏలెడంత లేవు.”

“అంతేనండి.”

“కాయితం తియ్యి. రాయి.”

“రాస్తే నేనూ ఇరుక్కుంటానండి. స్క్రూ తిప్పిన సెయ్యి నాదే కదా.”

“ఇరుక్కుంటావు. నీకు అబద్దం సెప్పను. తప్పు సేసేవు, దానికి ఎంతుంటే అంత పడతావు.”

“బలే ధైర్యం సెప్తన్నారండి! మీకేటి? రేపు మీరు మీ తోటకెల్లి మీ సెరుకు సూసుకుంటారు. కొండబాబు పదిమందినేసుకుని నా కొట్టు ముందుకొస్తే మీరొస్తారా?”

“వస్తాను.”

“ముందు అందరూ ఇలాగే అంటారు.”

“నాను అందరూ కాదు. ఆ గుమ్మంలో కుర్చీ ఏసుకుని కూర్చుంటాను. నన్ను దాటి లోపలికి ఎలా వస్తాడో సూస్తాను.”

“మీరడ్డం కూర్చుంటే ఆగిపోతాడేటండి? ఆడు ఎవరి మాటా ఇనడు.”

“ఇనకపోతే తొక్కుకుంటా రమ్మను. ఊరంతా సూస్తాది. ఆడి బతుకులో ఒక్కరోజైనా, ఎదరున్నోళ్ళు కళ్ళు మూసుకోరని తెలియాల.”

“మొండోళ్ళండి బాబూ మీరు.”

“మంచిగా ఉండి ఏటి బావుకున్నాను? రాయి.”

“…రాస్తాను. పోనీండి, కొట్టు పోతే పోయింది. మూడ్రోజులబట్టి నేను మాత్రం పడుకున్నానేటి? కన్ను మూస్తే ఆ రెండు చుట్లే. …ఇదిగో, తేదీ వేసేను. ‘కొండబాబుగారి కారుకి—’ గారు ఎయ్యాలంటారా?”

“అక్కర్నేదు.”

“‘కొండబాబు కారుకి ఎనిమిది వేల కెల్విన్ జెనాన్ బల్బులు నేనే బిగించితిని. లైట్లు పైకి రెండు చుట్లు నేనే ఎత్తితిని. బుధవారం తెల్లవారి ఐదున్నర గంటలకు అతను వచ్చి అడగ్గా నేనే తీసివేసితిని. ఆ బల్బులు ఇందువెంట అప్పగిస్తున్నాను.’ సాలా?”

“సాలు. సంతకం ఎట్టు.”

“ఎట్టేను. సంతకం కోడి గీసినట్టొచ్చింది.”

“పరవానేదు, నీదే కదా. ఇప్పుడు పక్కన సాక్షి అని నా పేరు రాయి. నానూ సంతకం ఎడతాను. ఇద్దరం కలిసే స్టేషనుకెల్దాం.”

“ఇప్పుడేనా?”

“ఇప్పుడే. రేపటికి నీ మనసు మారుద్ది. నా మనసూ మారుద్ది.”

“మీ మనసా? మీదెందుకు మారుద్దండి?”

“రాయి బేగి.”

“సెప్పండి. పేరు?”

“అచ్చియమ్మ.”

“ఊరు గొలుగొండ అని రాసేస్తన్నాను. పేరు పక్కన మీ ఆయన పేరు రాయమంటారా, మీ నాన్నగారి పేరా? స్టేషన్లో ఎవరో ఒకరిది అడుగుతారు.”

“ఆళ్ళిద్దరూ వద్దు. కొండబాబు తల్లి అని రాయి. …సెయ్యి ఆగిపోనాదేటి, బావూ? రాయి.”