మందుల పెట్టెలు

విచారణ గదిలో ఇద్దరే ఉన్నారు. ఒకడు మొన్న కూలిపోయిన సైనిక రవాణా విమానంలో సరుకెక్కించిన మేస్త్రీ. బల్లకవతల కూర్చుని ఆ ప్రమాదం మీద నివేదిక రాస్తున్నవాడు స్వయానా అతని అక్క మొగుడు.

“మళ్ళీ చదువు బావా. నా చెవులు బాగాలేవో, నీ కాగితం బాగాలేదో తేలాలి.”

“ఎన్నిసార్లు చదవాలిరా? ప్రమాదానికి కారణాలు ఇవి అయి ఉండవచ్చు. ఒకటి, పక్షి తగలడం. రెండు, వాతావరణం...”

“ఏం వాతావరణం? ఆ రోజు ఆకాశంలో గుప్పెడు మబ్బు లేదు.”

“అయి ఉండవచ్చు అన్నాను. అయిందన్నానా? మూడు, పైలట్ అలసట.”

“లోడు సంగతేది?”

“నాలుగు, యంత్రం పాతబడటం.”

“లోడు బావా, లోడు. నేనెక్కించిన సరుకు.”

“సరుకు సక్రమంగానే ఉంది. లిస్టు రాసింది నువ్వేగా. మందుల పెట్టెలు పన్నెండు.”

“ఒక్కో మందుల పెట్టెని ఎనిమిదిమంది మోశారు. ఏ రోగానికి బావా ఆ మందులు?”

“మెల్లగా మాట్లాడు. తలుపు తీసుంది.”

“మన కమాండర్ పెద్దాయన కట్టుకుంటున్న ఇంటికి పాలరాతి పలకలవి. నీకూ తెలుసు, నాకూ తెలుసు, ఈ గది ఊడ్చే మనిషికీ తెలుసు. గొలుసులు చాలక సగం పెట్టెలకి తాళ్ళే బిగించాం. విమానం ముక్కెత్తగానే అన్నీ తోకలోకి జారుంటాయి. ఇంకెక్కడ లేస్తుంది?”

“జారడం నువ్వు చూశావా?”

“చూసినవాళ్ళని గోనెల్లో తెచ్చారు. వాళ్ళ మధ్యలోంచి రాతిముక్కలు ఏరింది నేనే. పెద్దాయన మనిషొకడు వచ్చి, పగలనివి ఎన్ని మిగిలాయి మేస్త్రీ అని అడిగాడు.”

“అడుగుతారురా. వాళ్ళకేం తెలుసు...”

“ఏంటి అడుగుతారు?”

“అది వదిలెయ్. లోడు అని రాస్తే ఉరితాడు ముందు నీ మెడకే పడుతుంది. మీ అక్క మొహమైనా చూడు.”

“పైలట్ మెడకి పడితే ఫర్వాలేదా?”

“పోయినవాడికి మెడేంటి?”

“ఛీ. ఆ మాటన్న నోటితో ఇంటికెళ్ళి ముద్ద ఎలా మింగుతావు బావా? వాళ్ళమ్మ పొద్దుటినుంచీ బయట బెంచీ మీద కూర్చుంది. మావాడు తప్పు చేశాడా బాబూ అని దారినపోయే ప్రతివాణ్ణీ అడుగుతోంది. ఇంకేం అడగట్లేదు, అదొక్కటే.”

“చేశాడనే రాయాలి మరి. పెట్టెలు కళ్ళారా చూసి కూడా ఎక్కాడుగా?”

“చూసి ఆగాడు. నన్ను పక్కకి పిలిచి, టైర్లు అణిగిపోతున్నాయి, ఏంటి మేస్త్రీ ఇవి అన్నాడు. మందులే సార్, నేనే దగ్గరుండి తూయించాను అన్నాను. కాటా పాడై ఏడాది దాటింది. పదేళ్ళ పరిచయం మాది. నా మొహం చూసి, నా మాట మీద ఎక్కాడు. రాసుకో. పక్షి మీదా మబ్బు మీదా కాదు, నా మీద రాసుకో.”

“ఆగాగు. నీకు తెలిసింది తర్వాత కదా. ఆ రోజు నువ్వూ మందులే అనుకున్నావు. పైవాళ్ళు చెప్పారు, నమ్మావు, అదే అతనికి చెప్పావు. నమ్మి చెప్పినదాంట్లో తప్పేముంది? అలా రాసేస్తాను. నీకూ మంచిది, ఆ పెద్దావిడకీ మంచిది.”

“నమ్మితే, సెలవు దొరికి ఆ విమానమెక్కిన నీ కొడుకుని చొక్కా పట్టి కిందికెందుకు లాగుతాను బావా? కడుపునొప్పని చెప్పమన్నది నేనే. లోపల ముప్పైమంది కూర్చునున్నారు. వాణ్ణొక్కణ్ణే దింపాను.”