తెర మీద చోటు

హాలు వెనక అద్దాల గదిలో మరిది, పెద్ద తెర మీద ఏ బొమ్మ ఎక్కడ రావాలో మార్చే వీడియో ప్రాసెసర్ ముందు కూర్చున్నాడు. హాల్లో ఫ్యాక్టరీ యజమాని కార్మికులతో మాట్లాడుతుంటే ఆ మాటల్ని సైగల్లో చెప్పడానికి వదిన అదే గదిలో చిన్న కెమెరా ఎదుట నిలబడింది. పెద్ద తెర మీద ఆమె బొమ్మ ఉన్నట్టుండి మాయమైంది.

“నా బొమ్మేదయ్యా? ఇందాక ఉందిగా!”

“ఆ చోట్లో కంపెనీ సినిమా వేయమన్నారు వదినా.”

“ఆ పక్కనే నన్నూ పెట్టు. చోటు చాలదా?”

“ఇంకో నాలుగు బొమ్మలైనా పడతాయి. మేనేజరే వద్దన్నాడు.”

“ముందు వరుసల్లో వాళ్ళంతా ఆ మిషన్ల మోతకే చెవులు పోగొట్టుకున్నారు, మీ అన్నయ్యతో సహా. నేను కనబడకపోతే వాళ్ళకేం తెలుస్తుంది?”

“నాకు తెలీదా? నా ఉద్యోగమూ ఇక్కడే కదా.”

స్పీకర్లో యజమాని గొంతు పలికింది. “చెవుల వైద్యం ఇకపై మేమే చూసుకుంటాం, కంపెనీని అడగం అనేవాళ్ళు చేతులెత్తండి.”

“విన్నావా! ఒక్క నిమిషం నన్ను చూపించు. ఎత్తొద్దని చెప్తాను.”

“మేనేజరు ఇటే చూస్తున్నాడు.”

“నీ కాళ్ళు పట్టుకుంటానయ్యా.”

అతని వేలు బటన్ దాకా వెళ్ళి ఆగిపోయింది. తెర మీద సినిమా పక్కనే, హాలు కెమెరా బొమ్మలో, వెనక వరుసల్లోని ఆఫీసువాళ్ళు చేతులెత్తడం కనిపించింది. అది చూసి ముందు వరుసల వాళ్ళూ ఎత్తారు.

“మీ అన్నయ్యా ఎత్తాడు. ఏదో మంచి కబురనుకున్నాడు పాపం, నవ్వుతున్నాడు.”

హెడ్‌ఫోన్లో మేనేజరు చెప్పింది విని మరిది తల దించుకున్నాడు.

“ఆ నవ్వే తెర నిండా చూపించమంటున్నారు వదినా.”

“చూపించు,” అని ఆమె తలుపు తీసుకుని వెళ్ళిపోయింది.