పేరు కొట్టించిన గ్లాసులు

అదేం మాటండి మాస్టారూ! ఆదివారం ఆరాధన అయ్యాక నేను లేచి నిలబడి, మా అల్లుడు కొండమీద ఏ పరిచర్యా చెయ్యట్లేదు, వెనక్కి పిలిపించెయ్యండి అని సంఘమంతటి ముందూ చెప్పాలా? సొంత అత్తగారే చెప్పాక ఇంకెవరు నోరెత్తుతారని మీ ఆలోచన. ఆలోచన బాగానే ఉంది. ముందు కాఫీ తాగండి, చల్లారిపోతోంది.

ఆయ్, తెలుసండి. ఈ గొడవ మొదలెట్టిందే నేను. కాదన్నానా? "మూడేళ్ళయింది, ఒక్క బాప్తిస్మం లేదు, ప్రార్థనకి ఒక్క రేకుల షెడ్డు లేదు, మిషనెరీ అంటే ఇదేనా?" అని స్త్రీల సమాజం మీటింగులో అరిచింది ఈ ప్రిస్కిల్లమ్మే. అల్లుడి మీద ఎందుకంత కక్ష అంటారా? కక్షా లేదు, కార్పణ్యమూ లేదు. నాకు మా అమ్మాయి హేమశ్రీ కావాలి. ప్రేమ్ కుమార్ కొండ దిగితే అదీ దిగుతుంది కదా! తణుకులో దానికి స్కూలు ఉద్యోగం మాట్లాడి పెట్టాను. మన వీధి చివర పోర్షను కూడా చూసేశాను, అటాచ్డ్ బాత్రూముతో. కొండమీద దానికి బాత్రూమంటే నాలుగు తాటాకు దడులు, పైన ఆకాశం.

నవ్వకండి. తల్లిని కదా.

అందుకే మీరు కమిటీ తరఫున చూసి రావడానికి వ్యాను మాట్లాడితే, ముందు సీటు నాకే కావాలన్నాను. నా కళ్ళతో చూసొచ్చి, నా నోటితో చెప్పి, నా కూతుర్ని దింపుకుందామని. చూసొచ్చాను. ఇప్పుడు నోరు రావట్లేదు. అదీ వచ్చిన చిక్కు.

అసలు ఈ మిషను జబ్బు మనకెక్కడ పట్టిందండీ? మీరు హైదరాబాదులో ఏదో ట్రైనింగుకి వెళ్ళొచ్చారు. వచ్చీ రాగానే మైకు పట్టుకుని, "నూరేళ్ళు దొరలు మన దగ్గరికొచ్చారు, ఇక మనమే పంపే సంఘం కావాలి" అన్నారు. అబద్ధమెందుకు, నాకు ఒళ్ళు పులకరించింది. అందరం చప్పట్లు కొట్టాం. ఎవర్ని పంపుదాం అనేసరికి మాత్రం అందరి తలకాయలూ పాటల పుస్తకాల్లోకి దూరిపోయాయి. మా అల్లుడొక్కడే చెయ్యెత్తాడు. వాణ్ణి చూసి నా కూతురూ ఎత్తింది. నేను పక్కనే ఉండి దాని మోచెయ్యి పట్టుకుని కిందకి లాగుతూనే ఉన్నాను. మీరేమో స్టేజీ మీంచి, "చూడండి, తల్లి కూడా కూతురి చెయ్యి పట్టుకుని సమర్పిస్తోంది" అన్నారు!

సరే, పంపాం. పంపి ఊరుకున్నామా? సామాను పంపడం మొదలెట్టాం.

మన సంగతి మీకు నేను చెప్పాలా? పేరు వెయ్యకుండా కొవ్వొత్తి కూడా ఇవ్వం మనం. చర్చిలో బెంచీల వీపుల మీద పేర్లు, గోడ గడియారం మీద పేర్లు, ఆఖరికి చెప్పుల స్టాండు మీద కూడా ఫలానా వారి జ్ఞాపకార్థం. ఫ్యాను గట్టిగా తిరిగితే మీ నాన్నగారి పేరు కనపడదని, దాన్ని ఒకటో నంబరు మీదే ఉంచమంటారు మీరు. దాని కింద కూర్చునేది మా ఆడవాళ్ళం. చెమటలు కారుస్తూనే స్తోత్రం చెప్పుకుంటాం.

అబ్బే, దెప్పట్లేదండీ! నేనేం తక్కువదాన్నా? కొండవాళ్ళకి స్టీలు గ్లాసులూ పళ్ళాలూ పంపుదామంటే, తణుకులో స్టీలు కొట్టుకెళ్ళి దగ్గరుండి పేర్లు కొట్టించింది నేనే. నా పేరు కాస్త లావుగా రావాలని కొట్టాయనకి మిరపకాయ బజ్జీలు కూడా తెప్పించాను. దుప్పట్ల మీద మీరు అచ్చు వేయించారు, బెత్తెడేసి అక్షరాలు. కప్పుకుంటే మీ ఇంటిపేరు సరిగ్గా గుండెల మీదకొస్తుంది.

రెండు విడతలు అందుకున్నాక అల్లుడు ఫోన్ చేసి, ఇక దయచేసి ఏమీ పంపకండి అన్నాడు. అంతే, మీకు వాడు గర్విష్ఠి అయిపోయాడు. నాకూ అలాగే అనిపించింది లెండి. ఇచ్చేవాళ్ళని వద్దంటాడా అని.

ఇక మన ప్రయాణం సంగతి. జంగారెడ్డిగూడెం దాటి కొండదారి ఎక్కిన దగ్గర్నుంచి వ్యానులో క్యారేజీల మోతే మోత. పులిహోరకొకటి, కోడివేపుడికొకటి, పెరుగన్నానికొకటి. మంచినీళ్ళ టిన్నులు వేరే. అక్కడి నీళ్ళు మనకి పడవు కదా! దిగగానే ఏం కనపడింది? మనం పంపిన మైకు గొట్టం ఒక ఇంటి చూరు కింద పక్కకి పడుకుని ఉంది. అందులో గడ్డి పరుచుకుని కోడిపెట్ట పొదుగుతోంది. మీ మొహం చూడాలండీ అప్పుడు! "సువార్త మోగాల్సిన గొట్టంలో కోడా?" అని దగ్గరికెళ్ళి నిలబడ్డారు. అది లేవలేదు. పైగా మిమ్మల్ని పొడవడానికొచ్చింది. గొట్టం దాత మీరేనని దానికెవరు చెప్పాలి?

మా వాడు లుంగీ ఎగ్గట్టి, ఎవరిదో మేకకి కాలు విరిగితే పుల్ల పెట్టి కట్టు కడుతున్నాడు. చర్చి ఏదయ్యా అంటే చింతచెట్టు కింద చాప చూపించాడు. "ఎన్ని ఆత్మలు?" అన్నారు మీరు. "అందరికీ తలా ఒకటి ఉందండి" అన్నాడు వాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పెద్దల దగ్గర ఆ పెంకె సమాధానమేంటి?

మరి నువ్వు చేసేదేంటయ్యా అంటే ఏమన్నాడు? వాళ్ళ కోయ మాట నేర్చుకుంటున్నానండి అన్నాడు. ఎవరికైనా జ్వరమొస్తే బండి మీద ఆస్పత్రికి తీసుకెళ్తున్నానండి అన్నాడు. పొద్దుగూకాక అందరం కూర్చుంటాం, యేసుప్రభువు చెప్పిన కథ ఒకటి నేను చెప్తాను, వాళ్ళ కథ ఒకటి వాళ్ళు చెప్తారు, అడిగితే ప్రార్థన చేస్తాను అన్నాడు. "మూడేళ్ళకి ఇదా పంట?" అని మీరు, "ఇదా నీ సంబడం?" అని నేను. ఇద్దరం కలిసి బాగానే వాయించాం. అంతవరకూ మీ జట్టే నేను.

అప్పుడొచ్చింది సింగమ్మ. అదేనండీ, ఆ ముసలావిడ, ఆ ఊరికి పెద్దదిక్కు. ఆవిడ వెనకాల ఇద్దరు ఆడవాళ్ళు గోనెసంచులు మోసుకొచ్చి దింపారు. ఆవిడ గ్లాసులు ఒక్కోటీ తీసి హేమకి చూపించింది. హేమ పేరు చదివింది. ఎవరి పేరున్న గ్లాసు వాళ్ళ ముందు, ఎవరి పేరున్న పళ్ళెం వాళ్ళ ముందు పెట్టించి, సింగమ్మ వాళ్ళ కోయ మాటలో ఏదో చెప్పింది. దుప్పట్లు మడత నలక్కుండా, మధ్యలో వేపాకు వేసి ఉన్నాయి. ఆహా ఏం మర్యాద చేస్తున్నారో అని మీరు పొంగిపోయి ఫోటో తీయించుకున్నారు. "కృతజ్ఞతతో నిండిన కొండజనం" అని గ్రూపులో పెట్టారు కూడా. అందరూ దండాలూ చప్పట్లూ పెట్టారు. నేనొక్కదాన్నే ఏ బొమ్మా పెట్టలేదు, గమనించారా?

ఎలా పెడతానండీ! మీరేమో దోమలు కుడుతున్నాయని వ్యానెక్కి అద్దాలు వేసేసుకున్నారు. నేను హేమని పక్కకి లాగి, "ఏమందే ఆవిడ?" అన్నాను. అది తల దించుకుంది. చెప్పవే అని గట్టిగా అడిగితే చెప్పింది.

"మీ సామాను మీకు అప్పజెప్పేస్తున్నాం. ఒక్కటీ పోలేదు. సరిచూసుకుని పట్టుకెళ్ళండి." అదండీ ఆవిడన్న మాట.

మీకు అర్థం కాలేదు కదూ? నాకూ కాలేదు. వాళ్ళు మన సామాను వాడనేలేదు మాస్టారూ! దాచారు! పేరు రాసి ఉందంటే ఆ పేరుగలాయన ఎప్పటికైనా వస్తాడని వాళ్ళ నమ్మకం. ఊరికే కాదు. వాళ్ళ తాతల కాలంలో ఎవడో పేరు రాసున్న కాయితం పట్టుకొచ్చి, ఈ పొలం నాదని లాగేసుకున్నాడట. చదువు రాకపోతేనేం, రాత వల్ల ఏం జరుగుతుందో వాళ్ళకి బాగా తెలుసు. ఇవి మీవే, వాడుకోండి అని అల్లుడు ఎన్నిసార్లు చెప్పినా, "అయితే దీనిమీద పేరెవరిది?" అనేవారట. దానికి వాడేం చెప్తాడు? మా అత్తగారి సరదా అని చెప్తాడా?

ఆ కొండమీద చలి ఎలా ఉంటుందో తెలుసా మీకు? పోయిన శీతాకాలం పిల్లల్ని కుంపటి చుట్టూ పడుకోబెట్టుకుని తెల్లార్లూ కట్టెలు ఎగదోస్తూ కూర్చున్నారట తల్లులు. అటక మీద దుప్పట్లు మాత్రం వెచ్చగా ఉన్నాయి. వాన కురిస్తే ముందు మన సంచులే పొడిచోటికి జరిపేవారట, ఆ తర్వాతే వాళ్ళ గింజలు. నా పేరు లావుగా పడాలని బజ్జీలు తెప్పించాను చూడండి, ఆ బజ్జీలు గుర్తొచ్చి నాకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయిందండీ.

లేదు లెండి, కళ్ళలో ఏదో పడింది. మీరు బిస్కెట్టు తీసుకోండి.

ఉంచుకో అమ్మా అని ఆవిడ కాళ్ళావేళ్ళా పడ్డాను. ఊహూఁ! ఇక కాపలా కాయలేం, మా వల్ల కాదంది. అందుకే ఆ సంచులు వ్యానులో మీ సీటు కిందే వచ్చాయి. మీరు చింతపండనుకుని నాకో వీసెడు ఇవ్వండి అన్నారు! ఇదిగో, వెనక గదిలో ఉన్నాయి. పేర్లు అరగదీయడం అవుతుందా అని స్టీలు కొట్టాయన్ని అడిగాను. గ్లాసుకి చిల్లు పడుతుందమ్మా అన్నాడు.

ఏం మాస్టారూ, మన చర్చి గంటనేమంటాం? దొరసాని గంట. దాని మీద ఆవిడ పేరు ఇంగ్లీషులో పోతపోసి ఉంది. నూరేళ్ళుగా తాడు లాగేది మనం, తుప్పు గీకేది మనం, పిడుగు పడి గోపురం బీటలిస్తే కట్టించింది మనం. ఎవరిదీ గంట అంటే ఇప్పటికీ దొరసానిదే! మనకి తెలీదా చెప్పండి, ఇంకొకరి పేరున్న వస్తువుతో బతకడం ఎలా ఉంటుందో?

కానీ మా నాయనమ్మ నాకెప్పుడూ ఆ గంట గురించి చెప్పలేదండీ. దొరసాని ఒకరోజు మన పేటకొచ్చి, మా నాయనమ్మ వాళ్ళమ్మ ఇచ్చిన ముంతలో నీళ్ళు తాగిందని చెప్పేది. ఊళ్ళో ఎవరూ మన నీడ తొక్కని రోజులు కదా. దొరసాని ఏం ప్రసంగం చేసిందో ఒక్క ముక్క ఎవరికీ గుర్తులేదు. ఆ నీళ్ళు తాగిన సంగతి మాత్రం నాదాకా వచ్చింది.

సింగమ్మ నాకు సొరబుర్రలో నీళ్ళిచ్చింది మాస్టారూ. నా చేతిలో సీసా ఉంది, మూత కూడా తియ్యని సీసా. ఆవిడ సీసా వంక చూసింది, నా వంక చూసింది. సీసా హేమ చేతికిచ్చేసి ఆ నీళ్ళు తాగాను. తాగి, చేతులు చాచి ఇంకొంచెం పొయ్యమన్నాను. అప్పుడు నవ్విందండీ ఆవిడ! అంతవరకూ మనల్ని చూసి ఆ ఊళ్ళో ఎవరైనా నవ్వారా?

ఆఁ, మర్నాడు కడుపు కాస్త కదిలింది. అదిగో, మీరలా చూస్తారనే చెప్పలేదు. మా ఆయన డేనియల్ గారు పేపరు అడ్డం పెట్టుకుని రోజంతా నవ్వుతూనే ఉన్నారు. మజ్జిగ తాగాను, తగ్గిపోయింది.

ఏంటీ? నివేదికా? కమిటీకి ఫలం చూపించాలంటారు. పక్క సంఘం వాళ్ళు ఇప్పటికే రెండు షెడ్లు వేశారంటారు. వెయ్యనివ్వండి. మూడేళ్ళు ఆ మనుషుల మధ్య ఉండి, వాళ్ళ మాటలో వాళ్ళతో నవ్వడం నేర్చుకున్నాడు మా వాడు. మనం ఒక్క పూట వెళ్ళి, పులిహోర తిని, దోమలని వ్యానెక్కాం. ఇందులో ఎవరి లెక్క ఎవరికి చెప్పాలండీ?

వెళ్ళొస్తుంటే హేమ వ్యాను దాకా వచ్చింది. నల్లబడింది, చిక్కింది, కాళ్ళు పగిలిపోయాయి. "అమ్మా, మమ్మల్ని దింపేస్తారా?" అంది. ఔనే తల్లీ, పోర్షను చూశాను, ఉద్యోగం చూశాను అని చెప్పాలనే నోరు తెరిచాను. "నేనుండగా ఎవడే దింపేది?" అని వచ్చింది. నా నోరే అంత, ఎప్పుడేం వాగుతుందో నాకే తెలీదు.

దానికి మాటిచ్చేశాను మాస్టారూ. ఇంక మీరెంత చెప్పినా లాభం లేదు. కూతురు కావాలని గొడవ మొదలెట్టిందాన్ని నేనే, ఇప్పుడది రాకుండా అడ్డం పడేదాన్నీ నేనే. ఆదివారం లేస్తాను. మీ గురించీ చెప్తాను, నా గురించీ చెప్తాను, ఆ సంచుల గురించీ చెప్తాను. మధ్యలో మీరు కూర్చోమ్మా కూర్చో అంటారు. కూర్చోను. సంఘం వాడిని అక్కడే ఉంచుతుంది, చూస్తూ ఉండండి. అందరూ నన్ను మెచ్చుకుంటారు కూడా.

ఆ తర్వాత ఇంటికొచ్చి, ఆ పోర్షను వాళ్ళకి ఫోన్ చేసి, మా అమ్మాయి రావట్లేదండి, వేరేవాళ్ళకి ఇచ్చుకోండి అని చెప్తాను. చెప్పాక తలుపేసుకుని ఏడుస్తాను. అది సంఘానికి అనవసరం.