కేరళ కబురు

ఉక్కునగరం మైదానంలో ప్రాక్టీసు అయిపోయింది. కాలనీ జట్టు మిడ్‌ఫీల్డర్ జ్ఞానదాసు ఒక్కడే గోల్‌పోస్టు దగ్గర బంతితో మిగిలాడు. మెట్ల మీద ఇద్దరు అభిమానులు కూర్చున్నారు.

"దాసుని కేరళ క్లబ్బోళ్ళు అట్టుకెళ్ళిపోతే మన జట్టుకేటి మిగుల్తాది బావా?"

"ఇక్కడుంటే మాత్రం ఏటి మిగిలింది? ముప్పై ఆరేళ్ళొచ్చీసినాయి. మొన్న సగం ఆటకే మోకాలు పట్టుకుని కూకుండిపోనాడు. ఎల్లనీ."

"ఆడి పాస్ నేకపోతే మనోళ్ళకి గోలెటేపుందో తెల్దు."

"ఆ పాసులిప్పుడు అవతలోళ్ళకే ఎల్తన్నాయి. అక్కడైతే కోచింగిచ్చుకునైనా బతుకుతాడు. ఇంతకీ ఎప్పుడు రమ్మన్నారంట?"

"నన్నడుగుతావేటి? నువ్వే కదా సెప్పినావు!"

"నానా? ఏ కేరళ క్లబ్బోళ్ళో తీసుకెల్తే బాగుణ్ణు అన్నానంతే. తరవాత టీకొట్టు కాడ అందరూ అదే మాటంటే, నిజమే అనుకున్నాను."

"టీకొట్టు కాడ సెప్పింది నానే బావా. నీ మాట ఇనే సెప్పినాను."

"అయితే ఆణ్ణి ఏ క్లబ్బూ అడగనేదా?"

"అడగనేదు."

"పోనీ, ఈ కబురు ఆడి సెవిన పడనేదు కదా?"

"నిన్న జట్టంతా కలిసి ఆడికి దండేసీసినారు. ఆడు తన కెప్టెన్ పట్టీ ఇప్పీసి ఇంకోడికి ఇచ్చీసినాడు. అదిగో సూడు, మోగితే ఇనపడాలని ఫోను గోల్‌పోస్టు కాడే ఎట్టుకున్నాడు."