ఏడో నంబరు పొడి

ఓడరేవు పక్కన మెటియాబ్రుజ్ పేటలో ఒక ఇరుకు గది. ఆదివారం, చర్చి వదిలిన వేళ. మొన్ననే ఉద్యోగంలోంచి ఊడిన ల్యాబ్ అటెండరు ఫెలిక్స్ ఇంటికి, ఊడబెరికిన డైరెక్టరు జానకిరామ్ స్వయంగా వచ్చి కూర్చున్నాడు. ఫెలిక్స్ భార్య జూలీ టీ కాస్తోంది.

“...నేను తిట్టడానికి రాలేదంటున్నానా, ఫెలిక్స్?”

“మొన్న తిట్టేసేరు కదండీ. ఇంకేటి మిగిలింది సారూ?”

“అది కోపం. కోపం వేరు, సైన్సు వేరు. ముందా తలుపు వెయ్యి, పొగ.”

“డాక్ లారీలండి. మీ పొడి కోసమే కాసుకోని ఉన్నాయి.”

“ఆ పొడి సంగతే! ఏడో నంబరు పొడి గుర్తుందా నీకు?”

“ఏ పొడండి?”

“అదేనయ్యా, జియోలైట్ ఖనిజంలోకి రాగి ఎక్కించాం చూడు. డీజిల్ పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లని విరగ్గొట్టే పొడి.”

“ఓ, నీలం పొడి. నేను కడిగి ఆరబెట్టేవోణ్ణి.”

“ఆఁ! పన్నెండు సార్లు చేశాం. పదకొండు సార్లు లోపలికెళ్లిన విషం వెళ్లినట్టే బయటికొచ్చింది. ఏడోసారి మాత్రం నూటికి తొంభై వంతులు మాయం! దాని మీదే పేపరు రాశాను, దానికే బహుమతి ఇచ్చారు...”

“పత్రికలో ఫోటో చూసేం సారూ. శాలువా మీకు బాగా నప్పింది.”

“అమ్మా జూలీ, నువ్వు టీ చూడు. ఫెలిక్స్, గురువారం ఢిల్లీ నుంచి కమిటీ వస్తోంది. వాళ్ల కళ్లెదుట చేసి చూపించాలట. పొడి అయిపోయింది. మళ్లీ చేస్తే రావడం లేదు.”

“అయ్యో. మరి నన్ను తీసేసేరు కదండీ, నేనేటి చెయ్యను?”

“ఎందుకు తీసేశాను? సరిగ్గా కడగడం లేదని. ఇవాళ టాక్సీలో తట్టింది. రాగి నాది, కొలత నాది, కొలిమి నాది, అన్నిసార్లూ ఒక్కటే. మారిందల్లా నీ కడుగుడు! ఏడోసారి ఏం చేశావు?”

“ఏటీ చెయ్యలేదండి.”

“చేశావు.”

“లేదు సారూ.”

“ఇదిగో కాగితం. నిన్ను మళ్లీ తీసుకుంటున్నట్టు. ఈసారి పర్మినెంటు. నా సంతకం ఒక్కటే తక్కువ. నిజం చెప్పు, పెడతాను.”

“చెప్పెయ్యండీ! పద్ధెనిమిదేళ్లుగా ఏడాదికోపాలి కాంట్రాక్టు కాగితం కోసం ఉపవాస ప్రార్థన పెట్టిస్తన్నాం. పర్మినెంటు అంటన్నారు!”

“నువ్వూరుకో జూలీ. సారూ, చెప్తే ఉద్యోగం ఇస్తారా, పోలీసులకిస్తారా?”

“అంత పని ఏం చేశావయ్యా?”

“నీళ్లండి.”

“ఏ నీళ్లు?”

“డిస్టిల్డ్ వాటర్ మిషను పాడై రెండేళ్లయింది కదండీ. బాగుచేయించమని నాలుగు అర్జీలు పెట్టేను. మీరు సెమినార్లకెళ్లేరు. పొడి కడగాలా? కడగాలి. వెనకాల బోరింగుంది...”

“బోరింగా! ఆ తుప్పు నీళ్లతోనా!”

“తప్పైపోయింది సారూ. బిందెకి ఎర్రగా చార కట్టేస్తాది, తెలుసు. అయినా...”

“ఆగు! ఎర్రగానా? ఎర్రగా అంటే ఇనుము! రాగి పక్కన ఇనుము చేరింది! రెండు లోహాలు!”

“కూకోండి సారూ, ఆ బల్ల ఊగుతాది.”

“నేను అప్పుడే ఊహించాను.”

“ఎప్పుడండి?”

“లోలోపల. చూడు, ఇక ఎక్కడా బోరింగు అనకు. ‘గంగా మైదానపు భూగర్భ జలంతో సంస్కరించిన ద్విలోహ జియోలైట్’. అను చూద్దాం.”

“గంగా మైదానపు... బోరింగండి.”

“ఆ నీళ్లతో పప్పే ఉడకదు సారూ.”

“పప్పు వేరు జూలీ, పేటెంటు వేరు. రేపే బోరింగు చుట్టూ కంచె వేయిస్తాను. గేటుకి గార్డు. నా అనుమతి లేకుండా ఎవడూ చెంబెడు నీళ్లు తోడడానికి వీల్లేదు.”

“మరి సంతకం సారూ?”

“పెడుతున్నాను. ఇదిగో. స్టాంపు కూడా తెచ్చాను, వేస్తున్నాను. తృప్తేనా?”

“జూలీ, బైబిల్లో పెట్టీ. వద్దు వద్దు, ట్రంకుపెట్టెలో పెట్టి తాళమెయ్యి. తాళం నాకిచ్చీ.”

“ఇక చెప్పు ఫెలిక్స్. ఏడోసారి ఎన్ని బిందెలు పోశావు? మిగతా పదకొండుసార్లూ దేంతో కడిగావు?”

“మిగతా పదకొండూ బోరింగు నీళ్లతోనే కడిగేను సారూ.”

“ఏంటీ? చెడిపోయిన పదకొండూనా?”

“మీరు అడిగింది నీళ్ల గురించి కదండీ. చెప్పేను.”

“మరి ఏడోది? ఏడోది దేంతో కడిగావయ్యా?”

“నాకేటి తెలుస్తాదండి?”

“రిజిస్టర్లో నీ సంతకం ఉంది!”

“అది ఆ తరవాతి సోమవారం పెట్టించేరు కదండీ. పొడి కడిగిన రోజు గుడ్‌ఫ్రైడే సారూ. నేను చర్చిలో ఉన్నాను. ఢిల్లీకి అర్జెంటని, ఏడో నంబరు కడిగింది తమరే.”