పొట్టి చేతుల కోటు

1989 ఫిబ్రవరి, పోలండ్‌లోని గ్దాన్స్క్. ఓడల కర్మాగారం పక్కనే ఉన్న ఆ ఇంటికి, ఇంటాయన పెళ్లినాటి కోటు ఎరువడగడానికి స్నేహితుడు వచ్చాడు. ఇద్దరూ వెల్డర్లే, ఒకే జైలు గదిలో కూడు తిన్నవాళ్లే. రేపు వార్సాలో కమ్యూనిస్టు ప్రభుత్వంతో జరిగే చర్చలకు మాత్రం పిలుపు ఆ వచ్చినవాడొక్కడికే అందింది.

"నా పేరు ఎవడు కొట్టేశాడ్రా?"

"నువ్వొస్తే మేం రామన్నారు అవతలివాళ్లు."

"మీరు సరేనన్నారు!"

"అనకపోతే ఎన్నికల మాటే ఎత్తనివ్వరు."

ఇంటాయన బీరువాకి అడ్డంగా నిలబడ్డాడు.

"సమ్మె నడిపింది నేను. మంత్రులతో టీ తాగేది నువ్వు. పైగా కోటు కూడా నాదే కావాలా?"

"నాకు లేదు కదరా."

"రేపు పని ఆపేద్దామా అని కర్మాగారమంతా నన్నే అడుగుతోంది. నేను ఊ అంటే చాలు, మీ చర్చలు గంగలో కలుస్తాయి."

"తెలుసు. అందుకే వచ్చాను. కోటు మా బావ దగ్గర కూడా ఉంది."

ఇంటాయన పక్కకి జరిగి బీరువా తలుపు తీశాడు.

"రేపు అందరం పనిలోకే వెళ్తాంలే. ఇదిగో, తొడుక్కో. చేతులు నీకు పొట్టి."

"పర్లేదు, కిందికి లాక్కుంటాను."

"లాక్కున్నప్పుడల్లా, అక్కడ నువ్వు కూర్చున్న కుర్చీ ఎవరిదో గుర్తు తెచ్చుకో."